చుట్టాలింటికి అబిడ్స్ మీదుగా



ఈ నెల తెలుగు పేజీలో పిల్లల చదువు గురించి కాకుండా వాళ్ళ ఆదివారం గురించి రాద్దామనుకున్నాను. నేను మన బళ్ళో 6, 7, 8 తరగతులకు తెలుగు చెబుతాను. పేరెంట్స్ మీటింగులో మార్కుల మాటలు అయిపోయి, కుర్చీలోంచి లేవబోతూ మీలో చాలామంది అనే మాట ఒకటుంది. "చుట్టాలింటికి తీసుకెళ్తే ఎవరితోనూ మాట్లాడడు టీచర్. ఓ మూల కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. మా అమ్మ పలకరించినా తలెత్తడు." ఈ మధ్య దీనికి ఇంకో మాట కూడా తోడైంది: "అసలు రానంటోంది. ఇంట్లోనే ఉండి చదువుకుంటానంటోంది." ఈ రెండో మాట చెప్పేటప్పుడు కొందరి గొంతులో బాధతోపాటు కాస్త గర్వం కూడా వినిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలు తప్పించుకు తిరుగుతున్నది చుట్టాలను కాదు, వాళ్ళడిగే ప్రశ్నలను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మొదలవుతుంది. ఎన్నో క్లాసు? ర్యాంకెంత? ఒలింపియాడ్ రాశావా? ఐఐటీయా, మెడిసినా? లోపలికెళ్ళి కూర్చునేలోపు పెద్దమ్మ కొడుకు మార్కులతో పోలిక కూడా అయిపోతుంది. వారమంతా స్లిప్ టెస్టులు రాసిన పిల్లకి ఆదివారం మధ్యాహ్నం ఇంకో పరీక్ష హాలు చూపించి, "ఎందుకు నవ్వుతూ మాట్లాడవు?" అంటే ఏం చెబుతుంది? పెద్దవాళ్ళనీ తప్పుపట్టలేం. ఈ కాలపు పిల్లలతో ఏం మాట్లాడాలో వాళ్ళకీ తెలియదు. చదువు గురించి అడగడం ఒక్కటే వాళ్ళకు తెలిసిన దారి.

అందుకని ఒక చిన్న ఉపాయం చెబుతాను. ఈసారి చుట్టాలింటికి వెళ్ళేముందు, దారిలో ఓ గంటసేపు పాత వస్తువులు అమ్మే చోట ఆగండి. పిల్లవాడి చేతిలో వంద రూపాయలు పెట్టి, నీకు నచ్చిన పాత వస్తువు ఒక్కటి కొనుక్కో అనండి. మీరు ఎంచకండి, వద్దనకండి. అది పట్టుకుని నేరుగా తాతయ్య ఇంటికో, మేనత్త ఇంటికో వెళ్ళండి. అప్పుడు గుమ్మంలో మొదటి ప్రశ్న మారిపోతుంది. "చేతిలో అదేమిట్రా?"

హైదరాబాద్ వాళ్ళకు ఆదివారం అబిడ్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు అనుకునేదాన్ని. క్లాసులో అడిగితే చూసినవాళ్ళు చాలా తక్కువమంది. మీలో ఎంతోమంది డిగ్రీ రోజుల్లో అక్కడ తిరిగే ఉంటారు. దుకాణాలకు సెలవు కాబట్టి, మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. కొన్ని వరుసగా పేర్చి ఉంటాయి, కొన్ని గుట్టగా. గుట్టలో అయితే ఏదైనా ఒకటే రేటు. టింకిల్ పక్కన ఇంజనీరింగ్ డ్రాయింగ్, దాని కింద వంటల పుస్తకం, ఆ కింద అట్ట ఊడిన నిఘంటువు. కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూడాలి, వేరే దారి లేదు. ఫోన్‌లో వెతికినట్టు పేరు కొడితే బయటికి రాదు. మనకు ఇదివరకు ఏం నచ్చిందో లెక్కలు వేసి అలాంటివే ఇంకో పది చూపించేవాడు అక్కడ ఎవరూ ఉండడు. మన పిల్లలకు ఇది కొత్త అనుభవం. ఏది దొరుకుతుందో తెలియకుండా వెతకడం.

పుస్తకం దొరికాక మొదటి పేజీ తిప్పి చూడమనండి. పాత పుస్తకంలో సగం సరదా అక్కడే ఉంటుంది. ఎవరిదో పేరు, రోల్ నెంబరు, కాలేజీ. ఓ పుస్తకంలో నీలం సిరాతో "చెల్లికి, పుట్టినరోజు కానుకగా" అని ఉంటుంది, కింద తేదీ. ఆ చెల్లి ఇప్పుడు అమ్మమ్మ అయి ఉండవచ్చు. హెచ్.సి. వర్మ ఫిజిక్స్ పుస్తకం 1992 నుంచీ ఉంది కదా, ఎన్ని చేతులు మారిన ప్రతులున్నాయో. లెక్కల పక్కన పెన్సిల్‌తో ముందు తరం విద్యార్థి రాసుకున్న మెట్లు, ఒకచోట విసుగ్గా మూడు ప్రశ్నార్థకాలు. తనకు రాని లెక్క ఇంకెవరికో కూడా రాలేదని తెలిస్తే పిల్లలకు ఎంత ధైర్యమో నేను కళ్ళారా చూశాను.

అదృష్టం బాగుంటే పాత చందమామ తగులుతుంది. 1947 జూలైలో మొదలైన పత్రిక అది. శంకర్ గారు వేసిన బేతాళుడి బొమ్మ చూపించి "ఇది తెలుసా?" అని అడిగితే చాలు, మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళెవరైనా కళ్ళజోడు వెతుక్కుంటారు.

అబిడ్స్ ఒక్కటే కాదు. కోఠిలో పాత పాఠ్యపుస్తకాల దుకాణాలు మామూలు రోజుల్లోనూ ఉంటాయి. ఎర్రగడ్డలో ఆదివారం సంతలో పుస్తకాలు తప్ప మిగతావన్నీ అన్నట్టు ఉంటుంది: కుళాయిలు, రెంచీలు, ఫ్యాన్ రెక్కలు, కుక్కర్ మూతలు, బూట్లు, సైకిల్ సామాన్లు. విజయవాడ వాళ్ళకు ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటర్ పుస్తకాల కొట్లు ఉన్నాయి. ఇవేవీ లేని ఊళ్ళో పాత పేపర్లు కొనే కొట్టు ఉంటుంది కదా. కిలోల లెక్కన వచ్చిన పుస్తకాలు తూకం పక్కనే పడి ఉంటాయి. "ఓసారి చూసుకోవచ్చా?" అని మర్యాదగా అడిగి, కిలో ధర కన్నా కాస్త ఎక్కువ ఇస్తే కాదనేవాళ్ళు తక్కువ.

మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ వెళ్ళే మెట్రో రెడ్ లైన్ చూడండి. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, నాంపల్లి, దిల్‌సుఖ్‌నగర్ అన్నీ ఒకే లైను మీద ఉన్నాయి. కూకట్‌పల్లిలో ఎక్కి, నాంపల్లిలో దిగి అబిడ్స్ దాకా నడిచి, గంట తిరిగి, మళ్ళీ ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి దిల్‌సుఖ్‌నగర్‌లో పిన్ని ఇంట్లో ఉండవచ్చు. కారు వదిలేయండి, ఆ సందుల్లో పార్కింగ్ కోసం తిరిగేసరికే మీ ఓపిక అయిపోతుంది.

కొనేది ఎంత చిన్నదైనా ఫరవాలేదనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అబిడ్స్‌లో అన్నిటికన్నా చవగ్గా ఉందని ఓ పల్చటి పుస్తకం కొంది. ఇరవై రూపాయలు. లోపల కథ లేదు, బొమ్మ లేదు, పేజీ నిండా అంకెలే. కోడ్ భాష అనుకుందట. అది క్లార్క్స్ టేబుల్స్, లాగరిథమ్ పట్టికల పుస్తకం. కాలిక్యులేటర్ లేని రోజుల్లో ఇంటర్, ఇంజనీరింగ్ చదివినవాళ్ళ సంచిలో తప్పకుండా ఉండేది. వాళ్ళ తాతయ్య రిటైరైన ఇంజనీరు. కాలు నొప్పితో బయటికి పెద్దగా రావడం లేదు. టీవీ ముందే కూర్చుంటారు, మనవరాలు వెళ్తే "బాగా చదువుతున్నావా?" "ఆ." అంతటితో సరి.

ఆ రోజు ఆయన టీవీ కట్టేశారట. గుణకారం చేయకుండా కూడికతో గుణకారం ఎలా చేయాలో చూపించారు. 2కి లాగ్ 0.3010. 3కి లాగ్ 0.4771. రెండూ కలిపితే 0.7781. ఇప్పుడు వెనక పేజీల్లో ఆంటీలాగ్ పట్టికలో దాన్ని వెతకాలి. వేలు పెట్టి అడ్డంగా, నిలువుగా జరిపితే వచ్చింది 5.999. "రెండు మూళ్ళు ఆరు కదా తాతయ్యా, ఇదేంటి?" అని ఈ అమ్మాయి నిలదీసింది. పట్టికలో నాలుగు అంకెల దాకానే ఉంటాయని, మిగిలింది వదిలేయడం వల్ల ఆ చిన్న తేడా వస్తుందని, దాన్ని లెక్కలోకి తీసుకునే వంతెనల దాకా అన్నీ కట్టారని ఆయన చెప్పారు. సాయంత్రం దాకా పెద్ద పెద్ద సంఖ్యలు తీసుకుని చేశారట ఇద్దరూ. సోమవారం ఆ పిల్ల లెక్కల సారు దగ్గరికి వెళ్ళి మాంటిస్సా అంటే ఏమిటో ఆయనకే వివరించబోయింది.

ఇంతకాలం ఆ ఇంట్లో తాతకీ మనవరాలికీ ప్రేమ లేకనా? మధ్యలో పట్టుకోవడానికి ఒక వస్తువు లేక. పాత వస్తువుకు ఆ గుణం ఉంది. అదేమిటో పిల్లలకు తెలియదు, పెద్దలకు తెలుసు. మన ఇళ్ళల్లో ఇప్పుడు ఇది తలకిందులైంది. ఫోన్ దగ్గర, టీవీ రిమోట్ దగ్గర, బ్యాంకు యాప్ దగ్గర పెద్దవాళ్ళే పిల్లల్ని అడగాలి. రోజంతా "నీకు తెలియదులే నానమ్మా" అనిపించుకునే ఆవిడకు, తనకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి మనవడు వెతుక్కుంటూ తెచ్చి అడగడం ఎలా ఉంటుందో ఊహించండి.

ఇక అసలు అభ్యంతరం దగ్గరికి వస్తాను. ఒక నాన్నగారు నాతో సూటిగానే అన్నారు. "మేం ఏడుగురు పిల్లలం టీచర్. నేను పదో తరగతి దాకా అన్న నిక్కర్లే వేసుకున్నాను. నా కొడుక్కి ఆ గతి పట్టకూడదనే ఇంత కష్టపడుతున్నాను. మళ్ళీ వాణ్ణి పాత బజారుకు తీసుకెళ్ళమంటారా?" ఈ మాటను తేలిగ్గా తీసుకోలేం. పాతవి వేసుకోవడంలో ఉన్న చిన్నతనం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పండక్కి కూడా కొత్త బట్ట లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందే ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే.

అయినా నా అభిప్రాయం మారలేదు. గతిలేక తొడుక్కోవడం వేరు, నచ్చి ఏరుకోవడం వేరు. మొదటిది పిల్లల మీద పడే బరువు, రెండోది వాళ్ళు చేసే పని. పైగా మన ఇళ్ళల్లో పాతదానికి ఎప్పుడూ లేమి ఒక్కటే అర్థం కాదు. పుట్టిన బిడ్డకు మొదట చుట్టేది మెత్తబడిన పాత బట్టనే. అమ్మమ్మ చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత లాంటి వెచ్చదనం ఆన్‌లైన్‌లో కొన్న కంఫర్టర్‌కి రాదు. పాత బట్టలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేవాళ్ళు మొన్నమొన్నటిదాకా ప్రతి వీధిలో ఉన్నారు, కొన్ని వీధుల్లో ఇప్పటికీ వస్తారు. అప్పుడు పాతవి వచ్చేదీ చుట్టాల నుంచే. పెద్దమ్మ కూతురి గౌను, బాబాయి సైకిల్, మేనత్త కొడుకు గైడ్లు. రాకపోకలతోపాటు వస్తువులూ ఇంటి నుంచి ఇంటికి తిరిగేవి. రాకపోకలు తగ్గాయి, ఆ తిరగడమూ ఆగిపోయింది. ఇంటికొక పాత అట్టపెట్టె అటక మీద మిగిలింది.

ఇంకో సంగతి. మీలో చాలామంది పిల్లల్ని ఎమ్మెస్‌కు అమెరికా పంపాలనుకుంటున్నారు. అక్కడికి వెళ్ళిన మన పిల్లలు మొదటి చలికాలానికి కోటు, గదిలోకి బల్ల, దీపం ఎక్కడ కొంటారో వాళ్ళనే అడగండి. గుడ్‌విల్ లాంటి పాత వస్తువుల దుకాణాల పేరే చెబుతారు. 1902లో బోస్టన్‌లో మొదలైన సంస్థ అది, జనం ఇచ్చిన పాత సామాను అమ్మి ఆ డబ్బుతో ఉపాధి శిక్షణ నడుపుతుంది. అక్కడ "థ్రిఫ్టింగ్" అంటే వీకెండ్ సరదా. మన ఊళ్ళోనూ ఇన్‌స్టాగ్రామ్‌లో అదే పేరుతో పాత బట్టలు అమ్ముతున్నారు, పిల్లలు కొంటున్నారు కూడా. ఇంగ్లీషు పేరు పెడితే ఫ్యాషన్, అక్క చుడీదార్ అంటే నామోషీ. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళతోనే చర్చించండి, మంచి చర్చ అవుతుంది.

ఈ నామోషీ వల్ల దెబ్బ తగిలేది ఎవరికో మాత్రం నేను రోజూ చూస్తున్నాను. జూన్‌లో బడి తెరిచిన వారంలో, ఒక అబ్బాయి తన పాఠ్యపుస్తకం అట్ట విప్పనివ్వలేదు. బ్రౌన్ కాగితం వేసి, పైన ఇంకో ప్లాస్టిక్ కవరు వేసి, నాలుగు మూలలా టేపు అంటించుకున్నాడు. లోపల ఇంకొకరి పేరుంది. మొదటి పేజీని గమ్‌తో అట్టకు అతికించేశాడు. ఫీజు కట్టడానికే ఆ ఇంట్లో ఎంత తంటాలు పడుతున్నారో నాకు తెలుసు. పాత పుస్తకం కొనడం ఆ తల్లి చేసిన తెలివైన పని. దాన్ని దాచుకోవాల్సి రావడం ఆ పిల్లవాడి తప్పు కాదు, చుట్టూ కూర్చున్న మిగతా పిల్లలకు మనం నేర్పిన చూపు. మీ పిల్లవాడు ఆదివారం తనంతట తానే ఏరుకుని తెచ్చుకున్న పాత పుస్తకం సోమవారం బల్ల మీద పెడితే, పక్కవాడు ఆ టేపు విప్పుతాడు. ఇది నేను ఏ పాఠం చెప్పీ సాధించలేను.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. సెల్‌ఫోన్లు, బిల్లు లేని ఎలక్ట్రానిక్స్ జోలికి వెళ్ళకండి, ఎక్కడి నుంచి వచ్చాయో మనకు తెలియదు. హెల్మెట్ పాతది అసలు కొనవద్దు. పైకి బాగున్నా ఒకసారి దెబ్బ తిన్నది పనికిరాదు. ఫుట్‌పాత్ మీద తళతళా మెరుస్తూ సగం ధరకు దొరికే కొత్త ఇంగ్లీషు నవల పాత పుస్తకం కాదు, చాలావరకు దొంగ ప్రింటు. పల్చటి కాగితం, అలుక్కుపోయిన అక్షరాలు చూపించి ఆ తేడా పిల్లలకు చెప్పండి. హెచ్‌ఎంటీ గడియారాలు ఎక్కువగా కనిపిస్తాయి. 1961లో మొదలైన ఆ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించాక వాటికి గిరాకీ పెరిగింది, డయల్‌కు కొత్తగా రంగేసి అమ్మేవాళ్ళూ పెరిగారు. అసలైన హెచ్‌ఎంటీ కావాలంటే తాతయ్య సొరుగులో ముందు వెతకండి. బట్టలు కొంటే వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. పుస్తకాలు దులిపి ఒక పూట ఎండలో పెడితే చాలు.

బేరం సంగతి. ఎర్రగడ్డలో కొనేవాళ్ళలో ఎక్కువమంది అవసరానికి కొంటారు, అమ్మేవాళ్ళు ఆ రోజు కూలి కోసం అమ్ముతారు. మనం విహారానికి వెళ్ళిన చోట పది రూపాయల కోసం గట్టిగా బేరమాడి, గెలిచినట్టు నవ్వుకోవడం పిల్లల ముందు చేయాల్సిన పని కాదు. ఒకసారి అడగమనండి. "ఇంకేమైనా తగ్గుతుందా అన్నా?" తగ్గకపోతే ఇవ్వడమో, థాంక్స్ చెప్పి వచ్చేయడమో. ఫోటోలు తీసేముందు కూడా అడగాలి.

ఇంత తొందరెందుకు, సెలవుల్లో చూద్దాం అనుకోవచ్చు. లెక్క వేయండి. 6, 7, 8 తరగతులు కలిపితే మూడేళ్ళు, దాదాపు 156 ఆదివారాలు. ఆ తర్వాత ఫౌండేషన్ క్లాసులు, గ్రాండ్ టెస్టులు, ఇంటర్ హాస్టల్. ఆదివారాలు ఎలా పోతాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇవతల పిల్లల ఆదివారాలు తరుగుతుంటే, అవతల తాతయ్యలవీ తరుగుతున్నాయి. అన్నీ కాదు, నెలకు ఒక్కటి అడుగుతున్నాను. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనివాళ్ళ దగ్గర నేర్చుకునే అవకాశం ఉండాలని చెప్పింది. మన ఇళ్ళల్లో అలాంటివాళ్ళు లేరా? ఊరగాయ పెట్టే పెద్దమ్మ, మోటారు వైండింగ్ చేసే మామయ్య.

నా వంతుగా ఒకటి చేయగలను. నా క్లాసుల్లో సోమవారం తెలుగు స్లిప్ టెస్ట్ ఉండదు. మిగతా సబ్జెక్టుల టీచర్లతో కూడా మాట్లాడుతున్నాను, మీరూ డైరీలో ఒక ముక్క రాస్తే నాకు బలం. ఇంకో ప్రతిపాదన కూడా ఉంది. బడి పుస్తకాల కౌంటర్‌కి ఇది అంతగా నచ్చకపోవచ్చు. ఏప్రిల్ మీటింగ్ రోజున వరండాలో రెండు బల్లలు వేద్దాం. పొట్టి అయిపోయిన యూనిఫాం ఉతికి, ఊడిన బొత్తాలు కుట్టి తీసుకురండి. అయిపోయిన తరగతి పుస్తకాలు తెండి. కావలసినవాళ్ళు తీసుకుంటారు, ఎవరు తెచ్చారో, ఎవరు తీసుకున్నారో రిజిస్టరులో రాయం. పుస్తకాల మీద మీ పిల్లల పేర్లు మాత్రం కొట్టేయకండి.

వచ్చే ఆదివారం వాన పడితే అబిడ్స్‌లో సగం పుస్తకాలు టార్పాలిన్ కిందే ఉండిపోతాయి. అలాంటప్పుడు నేరుగా అమ్మమ్మగారింటికి వెళ్ళి, అటక మీది అట్టపెట్టె ఒకటి దింపమనండి. నిచ్చెన పట్టుకునే పని పిల్లలకు ఇవ్వండి.